అరుదైన గస్ పెల్కీ

ఈ ఏడాది కూడా తల్లులను క్షమించరాదని ఎల్డన్ ఫాల్స్ పాత బేస్‌బాల్ కార్డుల పరిరక్షణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మాతృ దినోత్సవానికి ముందు వచ్చే శనివారం, లూథరన్ చర్చి కింది హాల్లో, కాఫీ డోనట్ల నడుమ ఈ తీర్మానం చేయడం సంఘానికి ఆనవాయితీ. పోనీ ఈసారికి క్షమిద్దామని ఒకాయన ఎప్పుడో ప్రతిపాదించాడు. ఆయన తల్లి అసలేమీ పారేయలేదని విచారణలో తేలడంతో సభ్యత్వం రద్దు చేశారు.

నేరం ఏమిటో ఒహాయో రాష్ట్రంలో ఎవరినడిగినా చెబుతారు. కుర్రవాడు బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చే ఆటగాళ్ళ కార్డులను బూట్ల పెట్టెలో దాచుకుంటాడు. పెద్దవాడై కాలేజీకో సైన్యానికో వెళతాడు. తల్లి గది సర్దుతుంది, పెట్టె చెత్తబండి ఎక్కుతుంది. చాలా ఏళ్ళకు, ఆ పెట్టె ఉంటే దాంతో ఒక ఇల్లు కొనగలిగేవాడినని పత్రికలో చదివి కొడుకు కూలబడతాడు. దేశమంతటా ఉన్న బాధే అయినా, దానికి నియమ నిబంధనలు ఏర్పరచిన ఘనత మాత్రం ఎల్డన్ ఫాల్స్ వారిదే. కొత్తగా చేరే సభ్యుడు నిలబడి తన పెట్టె ఎలా పోయిందో చెప్పాలి. కన్నీళ్ళు తప్పనిసరి కాదు గాని, వస్తే కార్యదర్శి నమోదు చేసుకుంటాడు.

అందరి వృత్తాంతాలలోకీ అధ్యక్షుడు హార్లన్ స్టట్స్‌మన్‌ది శ్రేష్ఠమైనదని ప్రతీతి. ఆయన హైస్కూలుకు ఉప ప్రధానోపాధ్యాయుడు. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం, తప్పు చేసినవాళ్ళను నలుగురి ముందు నిలబెట్టడం ఆయనకు వృత్తిరీత్యా అబ్బిన విద్యలు.

"మిత్రులారా! థాంక్స్‌గివింగ్ పండక్కని కాలేజీ నుంచి ఇంటికొచ్చాను. పరుగున వెళ్ళి అలమర తలుపు తీశాను. నా పెట్టె లేదు! పెట్టె ఉండాల్సిన చోట ఏమున్నాయో తెలుసా? దుప్పట్లు! మడత పెట్టిన దుప్పట్లు, మిత్రులారా!"

దుప్పట్ల దగ్గరికి రాగానే సభ మూలిగేది. వెనక వరుసలో నిందితురాలు లొరీన్ స్టట్స్‌మన్ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని వింటూ ఉండేది. ఆవిడకు డెబ్బై దాటాయి. సభకు ప్రతి ఏటా రూబార్బ్ కాడలతో 'పై' అనే తీపి వంటకం చేసి తెచ్చేది కూడా ఆవిడే. తల్లులను ఖండించడం పూర్తయ్యాక సభ్యులందరూ ఆవిడ ముందు వరుసకట్టి, పళ్ళేలు చాచి, "ఈసారి మరీ బాగా కుదిరిందండీ లొరీన్ గారూ" అంటూ తినేవారు.

హార్లన్ పరువు ప్రతిష్ఠలు గస్ పెల్కీ అనే ఆటగాడి మీద నిలబడి ఉన్నాయి. పెల్కీ వెనకటికి ఒక జట్టులో అదనపు క్యాచర్. ఆ ఏడాది దాదాపు అంతా బెంచీ మీదే గడిపాడు. మైదానంలోకి దిగిన కొద్ది రోజుల్లో, బెంచీ మీదే ఉంచితే పోయేదని జట్టు యాజమాన్యం అభిప్రాయపడింది. కార్డు కోసం ఫొటో తీసే సమయానికి ఆయన తుమ్మబోతున్నాడు. కళ్ళు మూసి, నోరు తెరిచి ఉన్న ఆ బొమ్మ చూసి కంపెనీ సిగ్గుపడి అచ్చు ఆపేసింది. అప్పటికే పొట్లాల్లో వెళ్ళిపోయిన కార్డులు ఎవరికి వచ్చాయో ఆ పిల్లలు మోసపోయామనుకుని, బట్టల క్లిప్పుతో సైకిలు చక్రానికి తగిలించి, ఊరంతా ట్రరట్రర మోగించుకుంటూ అరగదీసేశారు. గొప్ప ఆటగాళ్ళను అందరూ దాచుకున్నారు కాబట్టి గొప్ప ఆటగాళ్ళు కొల్లలుగా మిగిలారు. పెల్కీ మాత్రం ప్రపంచం మొత్తానికి రెండే మిగిలాడని నిపుణులు ధ్రువీకరించారు. అందులో ఒకటి, పెద్దయ్యాక వెతికి సంపాదించుకున్నది, హార్లన్‌ది.

దాన్ని నిపుణులు భూతద్దంతో పరీక్షించి, పదికి తొమ్మిది మార్కులు వేసి, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇచ్చారు. బతికినన్నాళ్ళు పెల్కీకి ఎవరూ అన్ని మార్కులు వేయలేదు. కార్డు బ్యాంకు లాకరులో ఉండేది. పెళ్ళిరోజుకు హార్లన్ తన భార్య ఫేయ్‌ని బ్యాంకుకు తీసుకెళ్ళి దాన్ని చూపించి తీసుకొచ్చేవాడు. రానున్న శరదృతువులో క్లీవ్‌లాండ్‌లో వేలం ఉంది. ఆ డబ్బుతో ఈరీ సరస్సు ఒడ్డున చిన్న ఇల్లు కొనాలని ఏనాడో నిశ్చయమైపోయింది. ఫేయ్ కర్టెన్ల గుడ్డ కూడా ఎంచుకుంది.

ఇంతలో జూన్ నెలలో లొరీన్ పెద్ద ఇల్లు ఖాళీ చేసి లైబ్రరీ పక్కన చిన్న వాటాలోకి మారాలనుకుంది. అటక సర్దడానికి కొడుకును పిలిచింది. ఆ ఇంట్లో పారేసిన వస్తువంటూ లేదు. ఖాళీ జామ్ సీసాలు, రొట్టె సంచుల మూతులు కట్టే తీగలు, సాపు చేసి మడిచిన గిఫ్టు కాగితాలు గుట్టలుగా ఉన్నాయి.

"ఆ మూల పెట్టెలు జాగ్రత్తరా, బరువెక్కువ. మీ నాన్న పనిచేసిన అచ్చు ప్రెస్సులోంచి తెచ్చినవి," అంది లొరీన్ నిచ్చెన కింద నిలబడి.

హార్లన్ ఒక పెట్టె మూత తీశాడు. లోపల రబ్బరు బాండ్లు వేసిన కట్టలు ఉన్నాయి. పైకట్ట మీద గస్ పెల్కీ కళ్ళు మూసుకుని ఉన్నాడు. దాని కింది కట్టలోనూ మూసుకునే ఉన్నాడు. ఇంకో పెట్టె తెరిచాడు. ఆ పక్కది తెరిచాడు. వేలకొద్దీ పెల్కీలు తుమ్మడానికి సిద్ధంగా ఉన్నారు.

"అమ్మా! ఏంటివి?"

"ఆ ప్రెస్సులోనే అచ్చేశారు. అచ్చు ఆపేశాక మిగిలినవి కంపెనీవాళ్ళు కాల్చెయ్యమన్నారట. మీ నాన్న పొయ్యి రాజేసుకుందామని తెచ్చాడు. మొహం ఉన్న కాగితం ఎలా కాలుస్తాంరా? పాపం, ఎవరి బిడ్డో. గరాజులో పడేయించాను. తర్వాత నువ్వు ఆ బూట్ల పెట్టె గురించి యాగీ మొదలెట్టావు. అప్పట్నుంచి బొమ్మ ఉన్న ఏ కాగితమూ నేను పారేస్తే ఒట్టు. వీటిని అటకెక్కించాను. సబ్బు పెట్టెలు కూడా ఉన్నాయి, కావాలా?"

హార్లన్ అటక మీద చతికిలబడ్డాడు. నిజం చెప్పాలంటే మొదట ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. బూట్ల పెట్టెలో కార్డులు దాచుకున్న వయసు నాటి సంతోషం అది. అంతలోనే, ఇన్ని ఉంటే లాకరులోని ఒక్కదానికి విలువేమిటన్న లెక్క గుర్తొచ్చింది.

"అమ్మా, ఇవి పారెయ్యాలి."

లొరీన్ నిచ్చెన మెట్టు ఒకటెక్కింది.

"ఏమన్నావ్?"

"పారెయ్యమన్నాను. అన్నీ. ఎవరికీ తెలీకుండా."

"ఒక్క పెట్టె పారేస్తే ఇన్నేళ్ళు సాధించావు కదరా! ప్రతి క్రిస్మస్‌కీ సాధించావు. మీ నాన్న పోయిన రోజు పాస్టరు గారిని పక్కకి పిలిచి మరీ చెప్పుకున్నావు. ఇప్పుడు మళ్ళీ పారెయ్యాలా?" లొరీన్ నిచ్చెన పట్టుకుని తల పైకెత్తింది. "చూడు నాయనా, నాకింకేం వద్దు. నలుగురి ముందూ ఒక్క మాట అను. 'మా అమ్మ దాచింది' అను. ఆ తర్వాత వీటిని కాల్చుకో, పూడ్చుకో, నీ ఇష్టం."

ఆ మాట అనడానికి ఎంతోసేపు పట్టదు. కానీ ఆ మాట బయటికి వస్తే పెల్కీ అరుదైనవాడు కాకుండా పోతాడు, సరస్సు ఒడ్డు ఇల్లు సరస్సులో కలుస్తుంది. హార్లన్ అటక దిగి, సంఘానికి అత్యవసర సమావేశం ఏర్పాటు చేశాడు.

సంఘం పరిస్థితిని కూలంకషంగా చర్చించింది. ఒక తల్లి దాచిందని తెలిస్తే, తక్కిన తల్లులు మాత్రం దాచలేదని నమ్మకమేమిటి? రేపు ఏ అటకలో ఏముందో అన్న అనుమానం ప్రజల్లో పుడితే సభ్యులందరి కార్డులకూ విలువ పోతుంది. "తల్లులు పారేస్తారన్న ప్రజా విశ్వాసాన్ని కాపాడటం సంఘం ప్రథమ కర్తవ్యమైనందున" సదరు పెట్టెలను తక్షణం పారవేయాలని తీర్మానించి, పూలగుత్తి కొనుక్కుని, లొరీన్ ఇంటికి రాయబారం వెళ్ళారు. కార్యదర్శి డెల్‌బర్ట్ ఊస్లీ దంతవైద్యుడు. ఎదుటివాళ్ళు నోరు మెదపలేని స్థితిలో ఉండగా మాట్లాడటం ఆయనకు అలవాటు. అందుచేత ఆయనే ప్రసంగించాడు.

"లొరీన్ గారూ! ఈ దేశంలో తల్లులు పారేసి ఉండకపోతే మా దగ్గరున్నవి ఉత్త అట్టముక్కలండీ! మా ఆస్తిపాస్తులన్నీ మీ చీపురు పెట్టిన భిక్ష! ఆ మహత్తర మాతృధర్మాన్ని ఇంకొక్కసారి నెరవేర్చమని కోరుతున్నాం!"

"మరి ఇన్నేళ్ళూ తిట్టారేం?"

"అది సంప్రదాయమండీ. తిట్టకపోతే కార్డులు పోయాయని ఎవరు నమ్ముతారు?"

"సరే, మావాడి చేత ఆ ఒక్క మాటా అనిపించండి."

వేలం అయ్యాక తప్పకుండా అనిపిస్తామని డెల్‌బర్ట్ హామీ ఇచ్చాడు.

"అప్పటికి మీకు గుర్తుంటే కదా," అంది లొరీన్. "తాళంచెవి అదిగో, మేకుకుంది. నేను మాత్రం చెయ్యి వెయ్యను. మీరే మోసుకుపోండి." అని టోపీ పెట్టుకుని బింగో ఆటకు వెళ్ళిపోయింది.

పారవేసే కార్యక్రమానికి సభ్యులందరూ స్వచ్ఛందంగా హాజరయ్యారు. కుర్చీలు సర్దడానికి రమ్మంటే నడుం నొప్పి అనేవాళ్ళు కూడా వచ్చారు. మండుటెండలో కొందరు ఓవర్‌కోట్లు వేసుకొచ్చారు. అటక మీద ఒక్కొక్కరూ పెల్కీకి విడిగా, ఏకాంతంగా కడసారి నివాళి అర్పిస్తామని కోరారు. జీవితంలో ఒక్క కార్డు కూడా పారేసి ఎరగని మనుషులు మరి. నివాళి ముగించి దిగుతున్నప్పుడు నిచ్చెన కిర్రుమంది. హార్లన్ కూడా ఒక కట్ట జేబులో వేసుకున్నాడు. అది దొంగతనం కాదు, చరిత్ర కోసం. పైగా అది సొంత తల్లి ఇల్లు. ఆ పెట్టెలను ఊరి చెత్తదిబ్బకు చేర్చినప్పుడు, ఇంత బరువైనవి ఇంత తేలికయ్యాయేమని ఎవరూ ఎవరినీ అడగలేదు. డెల్‌బర్ట్ నాలుగు మాటలు చెప్పాడు. అందరూ టోపీలు తీశారు.

అక్టోబరులో క్లీవ్‌లాండ్ హోటల్లో వేలం జరిగింది. హార్లన్, ఫేయ్ ముందు వరుసలో కూర్చున్నారు. క్లీవ్‌లాండ్ చూసి చాలా కాలమైందంటూ లొరీన్ కూడా వచ్చింది. హార్లన్ వెనక్కి తిరిగి చూసేసరికి డెల్‌బర్ట్ కనిపించాడు. ఆయన ఆ రోజు చికాగోలో దంతవైద్యుల సదస్సులో ఉండాలి. ఆ పక్కన, చేపలు పట్టడానికి కెనడా వెళ్ళిన కోశాధికారి ఉన్నాడు. మేనత్త అంత్యక్రియలకు వెళ్ళినవారు ఇద్దరున్నారు. సంఘం యావత్తూ ఆ హాల్లో ఉంది. ఒకరినొకరు చూసుకుని, వాతావరణం బాగుందని చెప్పుకున్నారు.

వేలం వేసే ఆయన గొంతు సవరించుకున్నాడు. "ప్రపంచంలో రెండే రెండు ఉన్నాయని ప్రసిద్ధి చెందిన గస్ పెల్కీ కార్డు!" అని హార్లన్‌కు చెందిన డబ్బాను పైకెత్తి చూపాడు. హాల్లో చేతులు లేచాయి. "దీని తరువాత," అంటూ ఆయన చేతిలోని జాబితా చూసుకుని, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "దీని తరువాత, ప్రపంచంలో మూడవదైన గస్ పెల్కీ. ఆ పిమ్మట ప్రపంచంలో మూడవదైన గస్ పెల్కీ. తదుపరి కూడా..." ఆ పేజీ అయిపోయి పక్క పేజీలోకి వెళ్ళాడు. సభ్యులు ఒక్కొక్కరూ ఒక్కొక్క మూడవదాన్ని పంపించారు. మొదట కొందరు నవ్వారు. తర్వాత ఎత్తిన చేతులన్నీ దిగిపోయాయి. చివరికి హార్లన్ కార్డు అమ్ముడైంది గాని, వచ్చింది ప్లాస్టిక్ డబ్బా ఖరీదు మాత్రమే.

"అడుగుతున్నానని ఏమీ అనుకోకండి," అన్నాడు వేలం వేసే ఆయన. "ఇన్ని ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?"

హార్లన్ లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. వరండాలో పరిగెత్తే పిల్లల్ని ఆపే గొంతుతో, హాలు దద్దరిల్లేలా అరిచాడు.

"మా అమ్మ దాచింది! అందరూ వినండి! ఇదంతా మా అమ్మే దాచింది!"

ఆవిడ కోరుకున్న మాట అక్షరం పొల్లుపోకుండా, కోరుకున్నదానికంటే ఎక్కువమంది ముందు, వచ్చేసింది. లొరీన్ జుట్టు సవరించుకుని లేచింది. అటూ ఇటూ తిరిగి అందరికీ చిన్నగా తల వంచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఎలాంటివో చూసినవాళ్ళు తలా ఒక విధంగా చెప్పారు.

"విన్నారు కదండీ, అందరూ?" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వన్నది నిజమేరా హార్లన్. ఏది పారెయ్యాలో ఏది దాచాలో నాకు మొదట్నుంచీ తెలీదు. నిన్ను అట్టేపెట్టుకోలేదూ?"

హాలు గొల్లుమంది. అక్కడున్న ప్రతి మగవాడూ ఎవరో ఒక తల్లి ఓపికగా అట్టేపెట్టుకున్నవాడే. అయినా ఆ మాట తనకే తగిలిందని ఒక్కడూ అనుకోలేదు. ప్రతివాడూ పక్కవాడి వైపు చూసి నవ్వాడు. మీరు కూడా నిరభ్యంతరంగా నవ్వవచ్చు, పక్కన ఎవరైనా ఉంటే.