రోడ్డున పడ్డ గోలీ సామాను

ఆ శనివారం ఉదయం ఒరీసియా వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, స్కేట్లకు కొత్త తాళ్ళు ఎక్కించాలి, మధ్యాహ్నం కాస్త కునుకు తీయాలి, సాయంత్రం ఏడింటికి వెళ్ళి గోల్ ముందు నిలబడాలి. అంతే.

ఆ చివరి పని కోసం ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. పెలికన్ ఫోర్డ్ ఊరి ఆడవాళ్ళ మంచు హాకీ జట్టులో గోల్ కాచే ఇద్దరిలో ఆమె రెండో గోలీ. రెండో గోలీ అంటే ఆటగాళ్ళు మంచు మీదికి దిగేటప్పుడు బెంచీ తలుపు తీసి, ఎక్కేటప్పుడు వేసే మనిషి. సాధనలో మాత్రం అందరూ ఆమె మీదికే పక్, అదే ఆ నల్లటి రబ్బరు బిళ్ళ, కొట్టి చేతులు సాపు చేసుకుంటారు. అసలు గోలీ బ్రిటా గురువారం తన ఇంటి మెట్ల మీదే జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ వార్త విని ఒరీసియా చాలా బాధపడింది. కాకపోతే ఆ బాధ మొహంలో ఎంత వెతికినా కనబడలేదని ఆమె భర్త బోహ్దాన్ అన్నాడు. యాభై రెండేళ్ళకు మొదటి ఆట, అదీ డ్రై క్రీక్ మీద, ఏటా తమను చితక్కొట్టి పంపే జట్టు మీద. తెల్లారకముందే లేచి, ఛాతీ కవచం తొడుక్కునే కాఫీ కలుపుకుంది.

"ఒరీసియా, ఈ సంచీలో ఏదైనా చచ్చిందా?" అన్నాడు బోహ్దాన్ ముక్కు మూసుకుని.

"చావలేదు, అది చెమట వాసన. ఈ చలిలో ఓ గంట బయట పరిస్తే పోతుంది. కాస్త పెట్టి రావూ?"

"ఎంత బయట?"

"నీ ముక్కుకి ఎంత దూరం హాయిగా ఉంటే అంత."

బోహ్దాన్‌ది చురుకైన ముక్కు. సంచీని వాకిలంతా దాటించి, రోడ్డు పక్కన మంచుగుట్ట మీద కాళ్ళ ప్యాడ్లు, ముఖానికి పెట్టుకునే మాస్క్, కుడిచేతికి పలకలా తొడుక్కునే బ్లాకర్, పక్ పట్టే ఎడమచేతి గ్లవ్ చక్కగా వరసలో పేర్చి వచ్చాడు. దుకాణంలో సర్దినట్టుందని తనే మెచ్చుకున్నాడు.

ఆ ఊళ్ళో ఏటా మార్చిలో ఒక శనివారం 'పట్టుకెళ్ళండి' రోజు. అక్కర్లేని సామాను ఎవరింటి ముందు వాళ్ళు రోడ్డు పక్కన పెడతారు. కావలసినవాళ్ళు తలుపు తట్టకుండా పట్టుకుపోతారు. నిరుడు ఒకావిడ ఇచ్చేసిన దోసెపెనం లాంటిదేదో మళ్ళీ కావాలని వెళ్ళి పెద్ద రభస చేసింది. అందుకని ఈసారి పోస్టాఫీసు బోర్డు మీద ఎర్రసిరాతో ఒక నియమం వెలిసింది: తీసుకున్నది తీసుకున్నట్టే, తిరిగి అడగరాదు. నియమం పెట్టింది ఒరీసియా. ఈ కార్యక్రమం నడిపేదీ ఒరీసియానే. రెండ్రోజులుగా గోల్ తప్ప ఇంకేదీ బుర్రలో లేని ఒరీసియా.

తాళ్ళు ఎక్కించడం ముగించి కిటికీలోంచి చూస్తే మంచుగుట్ట ఖాళీగా ఉంది. ప్యాడ్లు ఆనిన అచ్చులు మాత్రం మిగిలాయి.

"బోహ్దాన్! నా సామానేది?"

"రోడ్డు పక్కన."

"ఇవాళేం రోజు?"

"శనివా..." అని బోహ్దాన్ ఆగిపోయాడు. తర్వాత చాలా చిన్న గొంతుతో, "అయ్యో," అన్నాడు.

ఫోన్ మోగింది. కెప్టెన్ రోస్లిన్. "ఎలా ఉన్నావే? కంగారేం లేదుగా? ఒక్కటే గుర్తుపెట్టుకో. ఏడింటికి గోల్‌లో మనిషి లేకపోతే ఆట వాళ్ళకి అప్పగించేయాలి. నువ్వు తప్ప ఇంకెవరూ లేరు."

"సామాను గాలికి పెట్టాను, అంతే," అంది ఒరీసియా. మాట అబద్ధం కాదు.

ఇద్దరూ ట్రక్కెక్కారు. ప్యాడ్లు మోసుకుపోతున్న కొర్నీ ఫ్రీసెన్‌ను చూశామని ఎదురింటివాళ్ళు అన్నారు. చలికాలంలో కొర్నీని వెతకాలంటే ఒకటే చోటు. గడ్డకట్టిన చెరువు మధ్య చెక్కగుడిసెలో, మంచుకు పెట్టిన కన్నం ముందు, ఒరీసియా ప్యాడ్ల మీద మోకాళ్ళూని చేప కోసం చూస్తున్నాడు.

"కొర్నీ అన్నా, లేవాలి. అవి నా ప్యాడ్లు."

"పొద్దుటిదాకా నీవి," అన్నాడు కొర్నీ కన్నం మీంచి చూపు తిప్పకుండా. "నా మోకాళ్ళు పెళ్ళినాడు కూడా ఇంత సుఖపడలేదు. తిరిగి అడక్కూడదని బోర్డు మీద ఉందే? ఎవరో బాగా కోపంగా రాసినట్టున్నారు."

"అన్నా, సాయంత్రం ఆటుంది. నేను ఆడుతున్నాను. బెంచీ మీద కాదు, గోల్‌లో."

కొర్నీ అప్పుడు తలెత్తాడు. "నువ్వా? తలుపు దగ్గర ఎవరుంటారు మరి?" గడ్డం గోక్కున్నాడు. "సరే. మంచు కరిగే రోజులొచ్చాయి, రేపు మధ్యాహ్నంలోగా ఈ గుడిసెని చెరువు మీంచి లాగెయ్యాలి. లేకపోతే సర్కారువాడు జరిమానా వేస్తాడు. మీ ట్రక్కు రేపు పొద్దున్నే వస్తే ప్యాడ్లు నీవే."

"బోహ్దాన్ వస్తాడు."

"నేనా?" అన్నాడు బోహ్దాన్.

"నువ్వే."

ప్యాడ్లు ఇస్తూ కొర్నీ ఉచితంగా ఒక సలహా కూడా ఇచ్చాడు. "కర్ర మంచు మీంచి లేపకమ్మా. కిందే కనిపెట్టుకుని ఉండు. వచ్చేదేదైనా కిందనుంచే వస్తుంది."

మాస్క్ జాడ వెతకనక్కర్లేకపోయింది. లిలియన్ చౌ కాఫీ హోటల్ వంటింట్లోంచి నవ్వులు రోడ్డుదాకా వినిపిస్తున్నాయి. లిలియన్ గోలీ మాస్క్ తగిలించుకుని, సలసల కాగే నూనెలో డోనట్లు తిరగేస్తోంది.

"ఒరీసియా! రా రా!" అంది జాలీలోంచి. "నూనె చుక్క మొహాన పడకుండా వేయించడం నా జన్మలో ఇదే మొదటిసారి. ఇంత మంచి వస్తువు ఏ పిచ్చిది పారేసిందే?"

"నేనే."

లిలియన్ మాస్క్ పైకెత్తి పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ బేరానికి దిగింది. "ఆదివారం చర్చి జనం వచ్చేలోపు డోనట్లు వేయించాలంటే నేను చీకటితో లేవాలి. రేపొక్కరోజు నన్ను నిద్రపోనీ. నువ్వొచ్చి వేయించు."

"వేయిస్తాను. ఇటివ్వు."

"తీసుకో. ఒక మాట విను. చూపు పక్కకి పోనీకు. నేను నూనెనే చూస్తాను, గిరాకీ ఎంత అరిచినా తలెత్తను. నువ్వూ పక్‌నే చూడు. కొట్టేవాళ్ళ మొహం చూశావో, కాలుతుంది."

బ్లాకర్ థోరా మామ్మ పట్టుకెళ్ళిందని కూడా లిలియనే చెప్పింది. ఇద్దరూ ఊరి చివర ఆ మామ్మ బాతుల దొడ్డికి చేరేసరికి అక్కడ యుద్ధం నడుస్తోంది. ముసలావిడ కుడిచేతికి బ్లాకర్ తొడుక్కుని, బిషప్ అనే మగబాతుతో తలపడుతోంది. గుడ్ల గంపకూ ఆవిడకూ మధ్య అది మెడ సాచి బుసకొడుతోంది. అది పొడవడానికి వచ్చిన ప్రతిసారీ ఆవిడ పలక అడ్డుపెడుతోంది. టక్. టక్.

"మామ్మా, ఆ బ్లాకర్..."

"ఆగవే, మధ్యలో ఉన్నాను!" టక్. "నాలుగేళ్ళుగా నా పిక్కలు పీకి పెట్టిన వెధవ వీడు. ఇవాళ బుద్ధి చెప్పాను చూడు."

సంగతి విని థోరా మామ్మ బిషప్ మీద ఒక కన్ను వేసి ఉంచింది. "ఇస్తాను. కానీ రేపు పొద్దున గుడ్లు ఎవరు తెస్తారు? నేనైతే ఉత్తి చేతుల్తో లోపలికెళ్ళను."

"నేనొస్తాను, మామ్మా. మాట."

"అయితే ఇది నేర్చుకుని పో. వెనక్కి తగ్గావో, వాడు పెద్దవాడైపోతాడు. వాడు రాకముందే నువ్వు రెండడుగులు ముందుకెయ్యి. అప్పుడు వాడికి నువ్వు తప్ప ఇంకేం కనబడదు." తర్వాత ఏదో జ్ఞాపకం వచ్చినట్టు అంది. "నీ గ్లవ్ కూడా చూశాను. పచ్చకోటు ఆవిడెవరో పట్టుకుపోయింది. డ్రై క్రీక్ జట్టు కోటు."

ఒరీసియా గబగబా ట్రక్కు వైపు నడిచింది. ఆ గ్లవ్ ఈ ఆట కోసమని బోహ్దాన్ మొన్ననే కొన్నది. దారాలు ఊడిన పాతదాన్ని ఆమె ఆ రోజే చెత్తలో వేసింది.

సాయంత్రం వాళ్ళు ఆట జరిగే మంచు మైదానం, రింక్, చేరేసరికి జనం కిక్కిరిసిపోయారు. ఒరీసియా తిన్నగా అవతలి జట్టు గదిలోకి దూసుకుపోయింది. డ్రై క్రీక్ గోలీ సొలాంజ్ కొత్త గ్లవ్‌ను మురిపెంగా నిమురుకుంటోంది.

"అది నాది."

"తీసుకున్నది తీసుకున్నట్టే," అంది సొలాంజ్ తీయగా. "మీ ఊరి బోర్డే చెప్పింది. నేను మర్యాదస్తురాల్ని, బోర్డు మాట కాదనను."

"గ్లవ్ లేకుండా నేనెలా ఆడను?"

సొలాంజ్ మరీ చెడ్డమనిషి కాదు. మూలనున్న తన పాత గ్లవ్ తీసి విసిరింది. అది చాలా పెద్ద వయసుది. తోలు గుడ్డలా మెత్తబడింది, అరచేతి గూట్లో పిడికిలి పట్టేంత చిరుగు. "ఇది నీకు. లెక్క సరిపోయిందిగా?"

బోహ్దాన్ పొద్దుటినుంచి చేసిన మొదటి మంచిపని అప్పుడు చేశాడు. పాత స్కేటు తాళ్ళతో ఆ చిరుగును వలలా అల్లి, పైన టేపు చుట్టాడు. ఏడింటికి ఇంకా నిమిషముండగా ఒరీసియా మంచు మీదికి దిగింది. తలుపు తానే తీసుకుంది, అలవాటు కొద్దీ తిరిగి వేయబోతే రోస్లిన్ వెనకనుంచి తోసింది.

ఆట మొదలైన కాసేపటికే మొదటి దెబ్బ కిందనుంచి వచ్చింది. కర్ర మంచు మీదే ఉంది. ఆగింది! రెండోది రెండు కాళ్ళ సందులోంచి దూరిపోయింది. ఒక గోల్. డ్రై క్రీక్ జనం రింక్ చుట్టూ ఉన్న అద్దాల్ని డప్పుల్లా వాయించారు. "చూపు!" అని లిలియన్ గొంతు జనంలోంచి వినబడింది. ఆ తర్వాత ఒరీసియా ఒక్క మొహం కూడా చూడలేదు. నల్లటి పక్ తప్ప లోకంలో ఇంకేమీ లేదు. ఎడమచెయ్యి చాస్తే పక్ వచ్చి మెత్తని పాత తోలులో ఒదిగిపోతోంది, పిల్లి ఒళ్ళోకి వచ్చి పడుకున్నట్టు.

అవతల మాత్రం విచిత్రం జరుగుతోంది. రోస్లిన్ ఊపిరి తీసుకోవడానికని సగం మైదానం అవతలినుంచి పక్‌ను ఊరికే అటు విసిరింది. సొలాంజ్ తాపీగా గ్లవ్ చాచింది. కొత్త గ్లవ్ చెక్కలా బిగుసుకుని ఉంది, మూసుకోలేదు. పక్ టప్పున తగిలి, ఎగిరి, ఆమె వెనక వలలో పడింది. ఒకటీ ఒకటీ! చివర్లో ఇంకొకటి అదే దారి పట్టింది. రెండు!

ఇక కొద్ది క్షణాలే ఉన్నాయనగా డ్రై క్రీక్ జట్టులో అందరికంటే వడి గల అమ్మాయి ఒంటరిగా తప్పించుకుని గోల్ మీదికి వచ్చేసింది. ఒరీసియా కాళ్ళు వెనక్కి లాగాయి. "వెయ్యవే అడుగు!" అని థోరా మామ్మ లేచి అరిచింది. ఒరీసియా ముందుకు జరిగింది. మరో అడుగు వేసింది. ఆ అమ్మాయికి గోల్ కనబడలేదు, నిండా ఒరీసియానే. కొట్టింది. ఎడమచెయ్యి లేచింది. పక్ తాళ్ళ అల్లికలో చిక్కుకుని అక్కడే వేలాడింది. ఈల మోగింది.

పెలికన్ ఫోర్డ్ మొత్తం మంచు మీదికి దిగిపోయింది. ఎవరో ఆమె మాస్క్‌ను ముద్దుపెట్టుకున్నారు, మొహం కాదు. చేతులు కలిపే వరసలో సొలాంజ్ ఆగి, "నాకు చెక్కపలక అంటగట్టావు," అంది.

"నేనెక్కడ అంటగట్టాను? నువ్వేగా మోసుకుపోయావు," అంది ఒరీసియా. ఇద్దరూ నవ్వేశారు.

అంతలో రోస్లిన్ గొంతు చించుకుంది. "గెలిచినవాళ్ళకి ఫైనల్! రేపు పొద్దున్నే, అవతలి ఊళ్ళో! సూర్యోదయానికి బయల్దేరాలి!" ఇంతవరకూ ఎప్పుడూ గెలవలేదు గనక, గెలిస్తే తర్వాత ఏముంటుందో ఎవరూ కనుక్కోలేదు.

ఒరీసియా తలతిప్పి చూసింది. జనంలోంచి కొర్నీ, లిలియన్, థోరా మామ్మ చేతులూపుతూ తనవైపే వస్తున్నారు. ముగ్గురి మొహాల్లోనూ సంతోషంతోపాటు, రేపటి సంగతి గుర్తుచేసే వాలకం స్పష్టంగా ఉంది. ఆమె మెల్లగా బోహ్దాన్ వైపు తిరిగింది. బోహ్దాన్ అప్పటికే జేబులో ట్రక్కు తాళాలు వెతుకుతూ గుమ్మం వైపు నడుస్తున్నాడు.

"బోహ్దాన్," అంది ప్రేమగా. "ఎంత దూరం వెళ్తావు?"

మర్నాడు ఆమె ఫైనల్లో గోల్ ముందు నిలబడే వేళకు, అతడు డోనట్లు మాడ్చి, గుడిసె ఈడ్చి, బిషప్ ముందు నిలబడి ఉన్నాడు. బ్లాకర్ మాత్రం ఆమె చేతికే ఉంది.