తుఫాను నాకా దాటలేదు

పోలీసు చర్య వారం తిరక్కుండానే ముగిసిందని లోకమంతా అనుకుంటోంది. అది నేల మీది సంగతి. ఆకాశాన్ని యూనియన్‌లో కలిపే పని మాత్రం చలికాలం దాకా సాగింది. ఆ బాధ్యతను బేగంపేటలో ఓ అద్దె బంగళాలో వెలసిన వాతావరణ విలీన కచేరీకి అప్పగించారు. అంతవరకు మా మీద కురిసింది సంస్థానం వాన. ఇకమీదట కురిసేది దేశం వాన. (తడిసేవాళ్లం మాత్రం మేమే. ఆ ఏర్పాటులో మార్పేమీ లేదు.)

ఈ కచేరీకి సూపరింటెండెంటుగా బెజవాడ నుంచి జీవరాజుగారు దిగారు. మర్యాదస్తుడు. ఆదివారం బైబిలును ఎంత భక్తిగా చదువుతారో, మిగతా రోజుల్లో పైనుంచి వచ్చిన కాగితాన్నీ అంతే భక్తిగా చదువుతారు. ఆయన కింద గుమాస్తా బ్రహ్మచారి పాత సర్కారు మనిషి. కొత్త సర్కారులో కొలువు నిలవాలంటే కిటికీలోంచి బయటికి చూడకూడదని అతను తొందరగానే గ్రహించాడు.

డిసెంబరులో ఒకనాడు మెయిలు బండిలో అఖిల భారత వాతావరణ సూచన వచ్చింది. బంగాళాఖాతంలో తుఫాను, ఉత్తరాన హిమపాతం అని అందులో ఉంది. వెంట ఒక రంగుల పటం. నీలం వేసినచోట వాన, పసుపు వేసినచోట ఎండ, తెల్లగా ఉన్నచోట హిమపాతం. రంగులు ఆ వారం వేసినవే గాని, కింది పటం మాత్రం పోలీసు చర్యకు ముందు అచ్చయింది. ఆ పటం ప్రకారం మా ఆకాశం ఇంకా వాళ్లది కాదు గనుక హైదరాబాదు సంస్థానానికి ఏ రంగూ వేయకుండా వదిలేశారు. కాశ్మీరు తెల్లగా ఉంది, మేమూ తెల్లగానే ఉన్నాం. తుఫాను దారి చూపే బాణం బందరు దగ్గర బయలుదేరి, బుద్ధిగా మా సరిహద్దు దగ్గర ఆగిపోయింది.

జీవరాజుగారు పటాన్ని రెండుసార్లు చూసి, సికింద్రాబాదులో హిమపాతం ఉంటుందని ప్రకటించారు. అయినా జాగ్రత్త కలవారు కాబట్టి, తుఫాను సంగతి తేల్చమని బెజవాడ రోడ్డు మీది కరోడ్గిరీ నాకాకు తంతి కొట్టించారు. బయటినుంచి సంస్థానంలోకి ఏది రావాలన్నా ఆ నాకాలో ఆగి సుంకం కట్టాల్సిందే కదా. తుఫాను పేరుతో సరుకేదీ రాలేదని, పర్మిట్ కూడా ఎవరూ అడగలేదని నాకావారు సాయంత్రానికి జవాబిచ్చారు. దాంతో తుఫాను లేదని రుజువైపోయింది.

మా మారేడ్‌పల్లి ఇంటి వెనక పుష్పమ్మ ఇటుకలు పోస్తుంది. భర్త పోయాక ఆ బట్టీ మీదే బతుకుతోంది. ఆ వారం పోసిన పచ్చి ఇటుకలు వరసలు వరసలుగా ఆరుతున్నాయి. కాలిస్తే ఏడాది గడుస్తుంది, తడిస్తే మళ్లీ మట్టి. తూర్పున మబ్బు చూసి ఆమె ముందే తాటాకులు కప్పి పెట్టింది. సర్కారు రేపటి సంగతి చెబుతోందని ఎవరో అంటే, అడిగి వద్దామని నన్ను తోడు రమ్మంది.

జీవరాజుగారు ఆమెకు కుర్చీ వేయించారు. (కచేరీలో అలాంటివి జరగవు, అందుకే చెబుతున్నాను.) హిమమంటే ఐసును పొడి చేసి చల్లినట్టు పడుతుందని ఓపికగా వివరించారు. ఉత్తరాది నిబంధనలు తీసి, హిమం బరువుకు కప్పులు కూలి కింది సరుకు నలిగిపోతుంది గనుక పైన ఏ కప్పూ ఉంచరాదని చదివి వినిపించారు. తాటాకులు ఆ సాయంత్రమే తీసేయాలన్నారు.

తిరిగి వస్తూ నేను ఆమెకు మబ్బు చూపించి, తొందరపడొద్దన్నాను. ఆమె వినలేదు.

"మొన్నటిదాంక సర్కారోళ్లొస్తే ఏదో ఒకటి అడగనీకే వస్తుండిరి. గీ సారు కూసోబెట్టి నా మంచి చెప్పిండు. ఇనకపోతే ఎట్ల, అన్నా?" అంది.

తాటాకులు తీసేసింది. నేనూ ఒక చెయ్యి వేశాను.

తుఫాను తెల్లవారకముందే వచ్చింది. నాకాలో ఆగలేదు, సుంకం కట్టలేదు. రెండు రోజులు కురిసింది. పుష్పమ్మ గొడుగు కూడా లేకుండా నిలబడి, ఇటుకలు ఒక్కొక్క వరసే కుంగిపోతుంటే చూస్తూ ఉండిపోయింది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కచేరీ మాత్రం నిబ్బరంగా పనిచేసింది. సూచనలో లేని వానను కొలిచే అధికారం తమకు లేదు గనుక వానను కొలిచే గాజు పాత్రను తడవకుండా లోపల పెట్టి తాళం వేశారు. దేశం మొత్తం మీద చూస్తే సూచన అక్షరాలా నిజమైందని, తుఫానూ వచ్చిందని, హిమమూ పడిందని, ఏది ఎవరి మీద పడాలన్నది పంపకం విషయమని పైకి నివేదిక పంపారు.

వాన వెలిశాక పుష్పమ్మ మళ్లీ బేగంపేట బయలుదేరింది. దెబ్బలాడుతుందేమోనని నేనూ వెంట వెళ్లాను. జీవరాజుగారు లేచి నిలబడ్డారు. ఆ ముఖం చూస్తే ఆయన రాత్రి సరిగ్గా నిద్రపోలేదని తెలిసింది. బ్రహ్మచారి కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆమె గొంతు పెంచలేదు.

"మట్టి ఏడికీ పోలే సారూ, మల్ల పోసుకుంట. గని ఒక్కటే అడుగుత. మల్ల ఎన్నడన్న మీరు గిట్ల నా మంచి చెప్పేదుంటే, జెర ఒక దినం ముందుగాల్నే చెప్పి పంపుండ్రి. ఇంకిన్ని తాటాకులు తెచ్చుకుంట."

ఆమె కోరిక న్యాయమైనదేనని జీవరాజుగారు ఒప్పుకున్నారు. కాకపోతే సర్కారు ఏం చేయబోతోందో ప్రజలకు ముందుగా హెచ్చరించే శాఖ ఈ దేశంలో ఇంకా ఏర్పడలేదని విచారంతో తెలియజేశారు.