పేరు మూసి చూడు

ఆ శుక్రవారం పొద్దున ఎమిల్ హుడాక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఇద్దరు ఆటగాళ్లను పోల్చి ఎవరు మెరుగో తేల్చుకోవాలి, గరాజు ముందు మిగిలిన మంచును పారతో తీసెయ్యాలి. ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్ వచ్చే వారం శనివారం. తొందరేమీ లేదు.

ప్రతి ఏడూ ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో, ఆ ఊరి చర్చికి వచ్చే పదిమంది మగవాళ్లు చర్చి కింది హాల్లో కూర్చుని దేశంలోని బేస్‌బాల్ ఆటగాళ్లను వంతులవారీగా పంచుకుంటారు. వేసవంతా ఆ ఆటగాళ్లు నిజంగా మైదానంలో కొట్టిన దెబ్బలన్నీ ఎంచుకున్నవాళ్ల ఖాతాలో పడతాయి. ఈ లీగు కోసం వంటింటి బల్ల దగ్గర ఎమిల్‌కు ఒక పద్ధతి ఉంది. అతని భార్య డొలొరెస్ పత్రికలో ఆటగాళ్ల పేర్ల మీద బొటనవేళ్లు పెట్టి అంకెలు మాత్రమే చదువుతుంది. పేరు వింటే మనసు అడ్డం వస్తుంది. పేరు మూసి చూడాలి. ఇది అతనికి నేర్పినవాడు అన్న రూడీ.

"ఎడమ వేలి కిందివాడు పోయినేడు సగం ఆటలు మోకాలు పట్టుకుని బెంచీ మీదే కూర్చున్నాడు," డొలొరెస్ చదివింది. "వయసు ముప్ఫై ఎనిమిది."

"కుడివాడు?"

"ఇరవై నాలుగు. ఒక్క ఆట మానలేదు. పరుగులు ఎడమవాడి కంటే రెట్టింపు. మోకాళ్లు రెండూ ఉన్నట్టే ఉన్నాయి."

"ఇంకేం, కుడివాడే."

ఆమె వేళ్లు తీసింది. కుడివాడు డాసన్ విక్. ఎడమవాడు ఓటిస్ క్రెన్‌షా. ఇద్దరూ షార్ట్‌స్టాపులే, మైదానం మధ్యలో నిలబడి బంతిని ఆపేవాళ్లు. ఎమిల్ కాఫీ కప్పు పక్కన పెట్టి కిటికీలోంచి మంచు వైపు చూస్తూ ఉండిపోయాడు.

క్రెన్‌షా కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక వేసవి ఈ ఊరి చిన్న జట్టులోనే షార్ట్‌స్టాప్‌గా ఆడాడు. నది ఒడ్డు మైదానంలో, చెక్క మెట్ల మీద, అన్నదమ్ములిద్దరూ ఒకే పొట్లంలో వేరుశనగలు వలుచుకుంటూ చూశారు. "వీడు ఈ ఊళ్లో ఎన్నాళ్లో ఉండడురా, కళ్లారా చూసుకో," అన్నాడు రూడీ. అప్పటినుంచి డ్రాఫ్ట్‌లో క్రెన్‌షా రూడీ మనిషే.

మూడేళ్ల కింద ఎమిల్ రూడీకి బంతి విసిరే పిచర్‌ను ఒకణ్ణి ఇచ్చి క్రెన్‌షాను పుచ్చుకున్నాడు. ఇద్దరూ సరే అనుకున్న ఆదివారం పొద్దునే, ఆ పిచర్ మోచేతికి కోత తప్పదని వార్త వచ్చింది. ఎమిల్ అప్పుడు చర్చిలో పూజలో ఉన్నాడు, ఫోను కట్టేసి ఉంది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా రూడీ నమ్మలేదు. "తెలిసే అంటగట్టావు," అని లేచి వెళ్లిపోయాడు. లీగూ మానేశాడు, తమ్ముడి గడపా మానేశాడు. ఉండేది నాలుగు వీధుల అవతలే. ఆదివారాలు చర్చిలో అవతలి వరుసలో కూర్చుంటాడు. పాటలో అతని బొంగురు గొంతు ఎమిల్‌కు విడిగా వినిపిస్తుంది. పూజలో ఒకరికొకరు శాంతి కోరి చేతులు కలిపే వేళ రూడీ చుట్టుపక్కల అందరికీ చేయి అందిస్తాడు. ఎమిల్ చేయి మాత్రం అంత దూరం చాలదు.

ఆ రూడీ ఈ ఏడు మళ్లీ వస్తున్నాడని రాత్రే వాల్ట్ ఫోను చేసి చెప్పాడు. వాల్ట్ మంగలి, లీగుకు పెద్ద. ఒకాయన కూతురి దగ్గరికి అరిజోనా వెళ్లిపోతే ఆ ఖాళీలోకి రూడీని అడిగాడట. కొత్తగా చేరినట్టు లెక్క కాబట్టి రూడీది చివరి వంతు. పోయినేడు అట్టడుగున నిలిచాడు కాబట్టి ఎమిల్‌ది మొదటి వంతు.

"క్రెన్‌షా ఎవరి చేతిలోనూ పడకుండా అన్నయ్య వంతు దాకా వెళ్లాలి," అన్నాడు ఎమిల్. "అది చాలు నాకు."

"ఆ మోకాలినెవరు ముట్టుకుంటారు? నోరు మూసుకుని కూర్చో. అదే వెళ్తుంది," అంది డొలొరెస్.

ఆ వారం మొత్తంలో ఎవరైనా అన్న తెలివైన మాట అదొక్కటే.

ఎమిల్ బెంగ చెస్టర్ గురించి. చెస్టర్‌ది మాంసం కొట్టు. అంకెలతో పని లేదు, ముఖం గుర్తున్న ఆటగాణ్ణల్లా తీసుకుంటాడు. ఆ సాయంత్రం చర్చిలో చేపల విందు. ఇద్దరూ మూకుడు దగ్గర పక్కపక్కనే నిలబడి చేపలు వేయిస్తున్నారు.

"చెస్టర్, క్రెన్‌షా జోలికి పోకు. మోకాలు పూర్తిగా పోయింది," అన్నాడు ఎమిల్. అది నిజం.

చెస్టర్ ఆ పేరు తలుచుకుని రెండేళ్లయింది. జల్లిగరిటె గాలిలో ఆపాడు. డ్రాఫ్ట్ ముందు వారంలో ఒకడు ఇంకొకడి మేలు కోరి సలహా ఇవ్వడం ఈ లీగు చరిత్రలో లేదు.

"ఓహో," అన్నాడు చెస్టర్. "అంత బాగా కోలుకున్నాడా?"

"పోయిందంటుంటే."

"సరేలే. నేను నిన్ననే పుట్టాను మరి."

మర్నాడు పొద్దున ఎమిల్ క్షవరానికి వెళ్లేసరికి కబురు అక్కడికి ముందే చేరి ఉంది. వాల్ట్ మెడకు గుడ్డ చుడుతూనే, "క్రెన్‌షా మీద కన్నేశావటగా," అన్నాడు. తిట్టినందుకే ఇంత పని జరిగితే పొగిడితే తిరగబడుతుందని ఎమిల్‌కు తోచింది. జీవితంలో అబద్ధం పెద్దగా అలవాటు లేనివాడు. ఆ కాస్తా కూడా కుదురుగా ఆడలేకపోయాడు.

"బంగారంలాంటి ఆటగాడు. నువ్వే తీసుకో. మొదట్లోనే తీసుకో," అన్నాడు, చెవులు ఎర్రబడుతుండగా.

వాల్ట్ కత్తెర కింద పెట్టాడు. "నిన్న చెస్టర్‌కి వద్దన్నావు. ఇవాళ నాకు తీసుకోమంటున్నావు. ఒరేయ్, నీ దగ్గర ఏదో ఉందిరా."

ఆ అబద్ధం కడుపులో పెట్టుకుని ఆదివారం పూజకు వెళ్లలేక, ఎమిల్ ఆ మధ్యాహ్నమే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లాడు. మోకరించి, ఇద్దరి మధ్యనున్న జాలీకి దగ్గరగా వంగి, చెస్టర్‌తో మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు. అన్న కోసం ఆడిన అబద్ధాన్ని దేవుడు ఏ వైపు రాసుకుంటాడో తెలియడం లేదని, అసలు నిజం చెప్పినందుకే ఇదంతా మొదలైందని, క్రెన్‌షాను అన్నకు ఎలా అందించాలనుకుంటున్నాడో కూడా వివరంగా చెప్పాడు.

"ఎమిల్," అన్నారు ఫాదర్ బెర్నార్డ్ చివరికి, పేరు పలకకూడని చోట పలికి. "నాది ఐదో వంతు నాయనా."

ఎమిల్ కళ్లు మూసుకున్నాడు. ఫాదర్ కూడా లీగులో ఉన్నారన్న సంగతి భక్తిలో మరిచిపోయాడు.

"ఇక్కడ విన్నది నేను వాడుకోకూడదు. విన్నట్టు ముఖం కూడా పెట్టకూడదు," అన్నారు ఫాదర్ నీరసంగా. "వేరెక్కడైనా చెప్పుకుని ఉండాల్సింది. ప్రాయశ్చిత్తంగా ఒక పరలోక జపం, మూడు మంగళవార్త జపాలు చెప్పుకో. నా కోసం ఇంకొకటి చెప్పు."

ఆదివారం పూజ తరువాత కింది హాల్లో కాఫీ, డోనట్లు. చెస్టర్ నోటి నిండా డోనట్‌తో మామూలుగానే అడిగాడు. "ఏం ఫాదర్, ఈ ఏడు షార్ట్‌స్టాపులు ఎలా ఉన్నారు?"

ఫాదర్ ముఖం పాలిపోయింది. చేతిలో కాఫీ అంగీ మీద ఒలికింది. "ఆ విషయం నేను మాట్లాడకూడదు," అని కొరకని డోనట్‌ను పళ్లెంలో వదిలేసి వెళ్లిపోయారు.

ఆ వదిలేసిన డోనట్ చుట్టూ మిగతావాళ్లు మూగారు. ఫాదర్ డోనట్ వదలడం ఎవరూ ఎరగరు.

"సంకీర్తనంలో ఫాదర్ ఏదో విన్నారు," అన్నాడు చెస్టర్ గొంతు తగ్గించి. "ఎమిల్ నిన్న లోపలికెళ్లడం మా ఆవిడ చూసింది. బయటికి రావడానికి అరగంట పట్టిందట. ఆ మనిషికి అరగంట పాపాలెక్కడివి?"

బుధవారానికల్లా క్రెన్‌షాకు జర్మనీలో కొత్త మోకాలు వేశారు. గురువారానికి ఆ ఆసుపత్రిలో నర్సు డొలొరెస్‌కు పినతల్లి కూతురైంది. శుక్రవారం చేపల దగ్గర, క్రెన్‌షా ఇప్పుడు ఇరవై ఏళ్లవాడిలా పరిగెత్తుతున్నాడని ఎమిల్‌కే ఒకాయన రహస్యంగా చెప్పాడు. ఎమిల్ కాదనలేదు. కాదంటే ఏమవుతుందో అతనికి అర్థమైపోయింది.

ఈ గోల ఏదీ చెవిన పడనివాడు ఒక్కడే. రూడీ మూడేళ్లుగా లీగు వాళ్లెవరితోనూ పొడి పలకరింపు దాటి మాట్లాడలేదు.

శనివారం పొద్దున కింది హాల్లో పొడుగు బల్ల వేశారు. ఆడవాళ్లు పక్క వంటగదిలో కజ్జికాయల్లాంటి పియరోగీలు ఉడికిస్తున్నారు. రూడీ వచ్చి, టోపీ తీసి, బల్ల చివర కూర్చున్నాడు. సన్నబడ్డాడు. కోటుకు పై గుండీ లేదు. వదిన గమనించలేదా, లేక కుట్టించుకునే ఓపిక అన్నకు లేదా అని ఎమిల్ ఆలోచనలో పడ్డాడు. రూడీ ఇటు చూడలేదు.

"ఎమిల్, నీదే మొదలు," అన్నాడు వాల్ట్.

ఎమిల్ ముందు కాగితం మీద డాసన్ విక్ పేరు ఉంది. పేరు మూసి చూసి, వారం కిందటే తేల్చుకున్న పేరు. పక్కన రెండో వంతు చెస్టర్‌ది. చెస్టర్ పెదవులు జపం చేసుకుంటున్నట్టు కదులుతున్నాయి. ఆ జపంలో క్రెన్‌షా పేరు స్పష్టంగా వినిపిస్తోంది. మూడోవాడూ ముందుకు వంగి ఉన్నాడు. రూడీకీ తనకూ మధ్య ఎనిమిదిమంది, వాళ్లలో ఏడుగురి కళ్లలోనూ ఆ జర్మనీ మోకాలే. ఫాదర్ బెర్నార్డ్ ఒక్కరే పైకప్పు వైపు చూస్తున్నారు.

ఇప్పుడు తీసుకుని తరువాత అన్నకు ఇచ్చెయ్యడం తప్ప దారి లేదు. ఎమిల్ గొంతు సవరించుకున్నాడు.

"ఓటిస్ క్రెన్‌షా."

ముప్ఫై ఎనిమిదేళ్ల కుంటి షార్ట్‌స్టాప్‌ను మొట్టమొదటి వంతులో తీసుకున్న మనిషి ఆ బల్ల దగ్గర అంతకుముందు లేడు. చెస్టర్ బల్ల మీద గుద్దాడు. "చెప్పానా లేదా? చేపల దగ్గరే చెప్పానా లేదా?" వాల్ట్ తల పట్టుకున్నాడు. ఫాదర్ సిలువ గుర్తు వేసుకున్నారు.

అక్కడితో ఆగలేదు. విక్ చేతికందుతుంటే ఎమిల్ ఎందుకు వదిలాడన్న ప్రశ్న బల్ల చుట్టూ తిరగడం మొదలైంది. క్రెన్‌షా సంగతి ముందే తెలిసినవాడికి విక్ సంగతి తెలియకుండా ఉంటుందా? ఆ కుర్రవాడికేదో అయింది. చెస్టర్ విక్‌ను దాటేశాడు. మూడోవాడు దాటేశాడు. ఫాదర్ వంతు వచ్చేసరికి ఆయన నుదుట చెమట పట్టింది. షార్ట్‌స్టాప్‌ను తీసుకుంటే సంకీర్తనం రహస్యం వాడుకున్నట్టవుతుందేమోనని భయపడి ఒక క్యాచర్‌ను తీసుకున్నారు. వంతులన్నీ దాటి దేశంలోకెల్లా మంచి కుర్రవాడు బల్ల చివరికి చేరాడు.

రూడీ కళ్లజోడు పెట్టుకుని జాబితా చూశాడు. మళ్లీ చూశాడు. "డాసన్ విక్ ఇంకా ఉన్నాడా?" అని వాల్ట్‌ను అడిగాడు.

"ఉన్నాడు," అన్నాడు వాల్ట్ జాలిగా.

"అయితే విక్."

పియరోగీలకు ఆపినప్పుడు ఎమిల్ పళ్లెం పట్టుకుని బల్ల చివరిదాకా నడిచాడు. చర్చిలో అంత దూరంగా కనిపించేది పట్టుమని పది అడుగులు లేదు.

"అన్నా, క్రెన్‌షా నీకోసమే. నీ జట్టులో పనికిరానివాణ్ణెవణ్ణైనా ఇచ్చి తీసుకో."

రూడీ నములుతూ తమ్ముణ్ణి కింది నుంచి పైకి చూశాడు.

"పేరు మూసి చూశావా?"

"చూశాను."

"ఎవరు తేలాడు?"

"విక్."

"మరి?"

ఎమిల్ పళ్లెంలో ఉల్లిపాయ ముక్కలు అటూ ఇటూ జరిపాడు.

"ఆ మోకాలు నాకెందుకురా?" అన్నాడు రూడీ. "వెర్రిసన్నాసీ. నన్ను అడిగి ఏడవచ్చుగా."

మూడేళ్లలో అన్న నోటి నుంచి వచ్చిన మొదటి తిట్టు అది. ఎమిల్ ఒక పియరోగీ చేతిలోకి తీసుకుని, నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు.

"ఆ రోజు," అన్నాడు రూడీ, గొంతు మార్చి. "ఆ మోచేయి సంగతి. నిజంగా నీకు తెలీదా?"

"పూజలో ఉన్నానన్నా. ఫోను కట్టేసి ఉంది."

"తెలీదులే." రూడీ తల ఆడించాడు. "క్రెన్‌షాను మొదటి వంతులో తీసుకున్నవాడికి ఎదుటివాణ్ణి మోసం చేసేంత బుర్ర ఎక్కడిది? మూడేళ్లు నేనే ఎక్కువ ఊహించుకున్నాను." పక్క కుర్చీని కాలితో వెనక్కి నెట్టాడు. "కూర్చో. మీ ఇంట్లో ఆ పెద్ద టీవీ ఇంకా ఉందా?"

"ఉంది."

"మా దాంట్లో బంతి కనపడి చావదు. మొదటి ఆటకి వస్తాను. నీవాడు కుంటుతుంటే చూడాలి."

ఎమిల్ కూర్చున్నాడు. వంటగది తలుపులోంచి చూస్తున్న డొలొరెస్ అక్కడే నిలబడి, పై గుండీ లేని ఆ కోటును ఎప్పుడు అడిగి తీసుకోవాలా అని ఆలోచించింది.

క్రెన్‌షా రెండో వారంలోనే మోకాలు పట్టుకుని బెంచీ ఎక్కాడు, మళ్లీ దిగలేదు. రూడీ మాత్రం వేసవంతా వస్తూనే ఉన్నాడు. సోఫాలో తన పాత మూలలో కూర్చుని, వేరుశనగ తొక్కలు తివాచీ మీద పోస్తూ, విక్ కొట్టిన ప్రతి దెబ్బకూ తమ్ముణ్ణి పేరుపెట్టి తిట్టాడు. ప్రార్థన ఇలా కూడా ఫలిస్తుందా అని ఎమిల్ ఒకసారి ఫాదర్ బెర్నార్డ్‌ను అడిగాడు. అలాంటివి ఇకమీదట ఉత్తరం రాసి బిషప్‌గారిని అడగమన్నారు ఫాదర్.

శరత్తులో ఎమిల్ మళ్లీ అట్టడుగున నిలిచాడు. వచ్చే ఏడు కూడా మొదటి వంతు ఎమిల్‌దేనని వాల్ట్ ప్రకటించగానే, మిగతావాళ్లు ఎందుకైనా మంచిదని క్రెన్‌షా మోకాలు ఎలా ఉందో వాకబు చెయ్యడం మొదలుపెట్టారు.