కారును తూకానికెక్కించిన శనివారం

శనివారం ఉదయం టీ తాగుతూ హెడ్లీ ప్రాబర్ట్ పెట్టుకున్న పని ఒక్కటే. కారును షెడ్డు ముందుకు తెచ్చి, నాలుగు చక్రాల కిందా ఇళ్లల్లో మనుషులు ఎక్కి బరువు చూసుకునే మిషన్లు నాలుగు పెట్టి, ఏ చక్రం మీద ఎంత పడుతోందో చూసుకుని, స్ప్రింగులు సరిచేసుకోవాలి. మర్నాడు కార్ల క్లబ్బు వాళ్ల కొండ పందెం. కార్లు ఒక్కొక్కటే కొండెక్కాలి, తక్కువ సమయంలో ఎక్కినవాళ్లదే కప్పు. మూడేళ్లుగా ఆ కప్పు పక్కింటి లయనెల్ గఫ్ గెలుచుకుంటున్నాడు. మూడేళ్లూ రెండో స్థానం హెడ్లీదే. లయనెల్ ఆ కప్పును వీధి కిటికీలో పెట్టాడు. పాలసీసాల కోసం తలుపు తీసినప్పుడల్లా అది హెడ్లీ కంట్లో పడుతుంది. ఆ బాధ పడలేక నెల రోజులుగా అటువైపు చూడడమే మానేశాడు.

ఆ కారు కొన్నది కాదు. విడి భాగాలు పెట్టెల్లో తెప్పించుకుని ఆరేళ్ల పాటు తన చేత్తో బిగించుకున్నది. తలుపుల్లేవు, పైకప్పు లేదు, చాలా తేలిక. అంత తేలిక బండికి నడిపే మనిషి బరువే పెద్ద లెక్క. సీట్లో మనిషి ఉండగా స్ప్రింగులు సరిచేయాలి. ఖాళీ సీటుతో చేస్తే మనిషి ఎక్కగానే బండి ఒక పక్కకి ఒరుగుతుంది. తానే కూర్చుంటే పానా తిప్పేదెవరు? అందుకని భార్య వినిఫ్రెడ్‌ను పిలిచాడు.

"విన్నీ, ఒక గంట వచ్చి కారులో కూర్చోవా?"

"ఎందుకూ?"

"బరువుకి. నీదీ నాదీ ఇంచుమించు ఒకటే కదా."

వినిఫ్రెడ్ తుడుస్తున్న పళ్లెం కింద పెట్టింది.

"ఎవరు చెప్పారు?"

"చూస్తే తెలీదూ?"

"ఓహో, చూసి చెప్పావన్నమాట. నీకు కావల్సింది బస్తా. వెళ్లి బస్తానే తెచ్చుకో. నేను మ్యూరియల్ దగ్గరికి పోతున్నా."

కేకు డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. పోతూ పోతూ నిమ్మకాయ కేకు వాసన వదిలింది. ఈస్టరు తర్వాత ఆ ఇంట్లో హెడ్లీ ఆ కేకు మొహం చూసిన పాపాన పోలేదు.

ఇంట్లో ఉన్నది తోటలోకి తెచ్చిన ఎరువు అరబస్తా. అది అతనిలో సగం కూడా తూగదు. పైగా ఎంత తిరిగినా మూడు మిషన్లే దొరికాయి. నాలుగోది ఎటూ మ్యూరియల్ దగ్గరుంది. మ్యూరియల్ వినిఫ్రెడ్ చెల్లెలు, చర్చి పక్క సందులో ఉంటుంది. మిషనూ తెచ్చుకోవచ్చు, భార్యనూ బతిమాలుకోవచ్చని హెడ్లీ బయల్దేరాడు.

"విన్నీయా? ఇక్కడికి రాలేదే," అంది మ్యూరియల్. "నాలుగు శనివారాలైంది తను నా గడప తొక్కి."

"నాలుగు శనివారాలూ నీ దగ్గరికనే చెప్పి వెళ్లింది."

"కేకు పట్టుకెళ్లిందా?"

"పట్టుకెళ్లింది."

"అయితే మగాడే," అంది మ్యూరియల్ జాలిగా. ఆ జాలిలో కొంచెం సరదా కూడా ఉంది. "ఆడవాళ్ల దగ్గరికైతే బిస్కెట్లతో సరిపెడుతుంది."

మిషను చంకన పెట్టుకుని, పిలవకపోయినా మ్యూరియల్ అతని వెంట నడిచింది. ఇంటి దాకా వచ్చేసరికి లయనెల్ షెడ్డులోంచి వినిఫ్రెడ్ నవ్వు వినబడింది. లయనెల్ భార్య పోయి పదేళ్లు. ఇద్దరూ వెళ్లి చెక్కల సందులో చెరొక కన్నూ పెట్టారు.

లోపల లయనెల్ కారులో, నడిపే సీట్లో, చెప్పులు విప్పేసి వినిఫ్రెడ్ కూర్చుని ఉంది. లయనెల్ చక్రం పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. వీపు తప్ప కనబడటం లేదు. పక్క బల్ల మీద సగం అయిపోయిన కేకు.

"కాస్త ఇటు జరుగు. అంతే. ఊపిరి బిగబట్టకు, హాయిగా కూర్చో," అంటున్నాడు.

"హెడ్లీకి తెలిస్తే?"

"రేపు ఎలాగూ తెలుస్తుందిగా. ఊరంతా చూస్తుంది."

"లేచిపోతున్నారు," అని గుసగుసలాడింది మ్యూరియల్.

"ఆ బండిలో బట్టల పెట్టె కూడా పట్టదు," అన్నాడు హెడ్లీ.

పైకి అలా అన్నాడు కానీ కడుపు మండిపోతోంది. భార్య పరాయి షెడ్డులో ఉన్నందుకు మండింది, కేకుకు మండింది. తన కారెక్కమంటే అంత మాటన్న మనిషి లయనెల్ కారులో కాళ్లు చాపుకుని కూర్చున్నందుకు మాత్రం మరీ మండింది.

"మ్యూరియల్, నువ్వు రా. నా కారెక్కు."

"నేనా?"

"దానికి తెలియాలి, కూర్చునేవాళ్లు ఇంకా ఉన్నారని."

మ్యూరియల్ బరువు హెడ్లీకి ఒకటిన్నర రెట్లుంటుంది. కానీ పొద్దున్నే ఒక పాఠం అయింది కనక నోరెత్తలేదు. కారును మిషన్ల మీదికెక్కించాడు. బ్రేకు పట్టి ఉంటే స్ప్రింగు సరిగా దిగదు, తూకం తప్పు చూపిస్తుంది. అందుకని బ్రేకు వదిలాడు. అలా వదిలినప్పుడు చక్రానికి ఇటుక అడ్డం పెట్టాలి. ఎప్పుడూ పెట్టేవాడే. ఆ రోజు కళ్లన్నీ పక్కింటి మీదే ఉన్నాయి.

మ్యూరియల్ అంచు మీంచి ఒక కాలు వేసింది, రెండో కాలు వేసింది, స్టీరింగు కిందికి మెల్లగా జారింది. ఒక మిషను ముల్లు గిర్రున చివరికి పోయి ఆగింది.

"ఎంత చూపిస్తోంది?"

"అందులో కారు బరువు కూడా ఉంది," అన్నాడు హెడ్లీ.

"చాలు, దిగుతా." ప్రయత్నించింది. "హెడ్లీ, నడుం దగ్గర పట్టేసింది."

"ఊపిరి వదిలెయ్."

"వదిలేశా. ఇంకా అక్కడే ఉన్నా."

హెడ్లీ ముందుకొచ్చి రెండు చేతులూ పట్టి లాగాడు. మ్యూరియల్ రాలేదు, కారు వచ్చింది. మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి పటపటమన్నాయి. అతను పక్కకి దూకేలోగా బండి లయనెల్ ఇంటి వైపు వాలులో పడింది. దేవుణ్ణీ హెడ్లీనీ కలిపి పిలుస్తూ మ్యూరియల్ కంచె చీల్చుకుని, లయనెల్ చిక్కుడు పాదులు దాటి, అతని షెడ్డు గోడకు ముక్కు ఆనించి ఆగింది.

తలుపు తెరుచుకుంది. లయనెల్ బయటికొచ్చాడు. కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. వెనకాల హెల్మెట్ పట్టుకుని వినిఫ్రెడ్.

"నువ్వేంటే అందులో?" అంది చెల్లెలితో.

"బరువుకి," అంది మ్యూరియల్.

వినిఫ్రెడ్ మొగుడి వైపు తిరిగింది. "నేను రానని గంట కాలేదు, అప్పుడే ఇంకొకళ్లని ఎక్కించావా?"

"నువ్వు ఎక్కలేదూ? నేనడిగితే రానిదానివి, వీడి బరువుకి సరిపోయావా?"

"నా బరువుకి కాదయ్యా," అన్నాడు లయనెల్. "నిచ్చెన మీంచి పడి నెలైంది. నా వైపు చూసుంటే ఈ కట్టు కనబడేది. రేపు బండి నడిపేది విన్నీ. ఆమె బరువుకే సరిచేస్తున్నా."

"నువ్వా? నడుపుతావా?"

"నాలుగు శనివారాల్నించీ నడుపుతున్నా. నువ్వు కారు బిగించిన ఆరేళ్లూ నీకు లైటు పట్టుకున్నా కదా, ఏ రోజైనా నడుపుతావా అని అడిగావా? మొదటిసారి ఇవాళ రమ్మన్నావు. అదీ బరువుకి."

హెడ్లీ లయనెల్ వైపు వేలు చూపించాడు.

"మరి నీ బరువు ఇతనికి చెప్పావా?"

"చెప్పకపోతే ఎలా సరిచేస్తాడు?"

ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో ఆ అంకె హెడ్లీకి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ రోజు తగిలిన దెబ్బలన్నింటిలో అదే పెద్దది. తర్వాత స్టీరింగు ఊడదీసి మ్యూరియల్‌ను బయటికి తీసేసరికి సాయంత్రం టీ వేళ అయింది.

ఆదివారం హెడ్లీ కారుకు ముక్కు లేదు, రేడియేటరులో నీళ్లు నిలవలేదు. ఫ్లాస్కు పట్టుకుని నడిచి కొండెక్కి, గడ్డిమోపుల పక్కన నిలబడ్డాడు. మొదటి మలుపు దాకా ఆమె ఓడిపోవాలనే కోరుకున్నాడు. రెండో మలుపులో లయనెల్ బండి వెనక చక్రాలు జారాయి. హెడ్లీ ఫ్లాస్కు వదిలేసి, "భయపడకు విన్నీ, తొక్కు," అని గొంతు పోయేలా అరిచాడు. ఆమె తొక్కింది. అర సెకను తేడాతో కప్పు ఆమెదైంది.

ఫొటోల దగ్గర లయనెల్ బండి మీద చెయ్యేసి, ఇది నా కారు, స్ప్రింగులు నేనే సరిచేశానని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. హెడ్లీ జనాన్ని తోసుకుని ముందుకెళ్లాడు. క్లబ్బు మనిషి ఆపి, "మీరెవరండీ? ఇక్కడికి రాకూడదు," అన్నాడు.

"గెలిచినావిడ మొగుణ్ణి," అన్నాడు హెడ్లీ.

లయనెల్‌కు వినబడిందో లేదోనని ఇంకోసారి చెప్పాడు.