బాలికి బస్సు ఎన్ని గంటలకు?

ఆ శనివారం మానస చేయాల్సిన పనులు ఇవి: అమ్మ పాస్‌పోర్టుకు రెండు జిరాక్సులు తీయించడం, నెలకు సరిపడా బీపీ మాత్రలు కొనడం, అమ్మకు కొత్త చెప్పులు తీసుకోవడం, సాయంత్రం ఐదింటిలోపు ట్రావెల్స్ వంశీకి బాలి దీవిలో చూడాల్సిన నాలుగు చోట్లు చెప్పడం. జిరాక్సులు, మాత్రలు పదిన్నరకే అయిపోయాయి. నాలుగో పనికి మాత్రం ఊరంతా కదిలింది.

మానస హన్మకొండలో నీటిపారుదల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. పాలంపేట పొలాల్లో అమ్మ చిలుకమ్మ వంగి వేసిన నాట్లే తనను చదివించాయని ఆమెకు తెలుసు. అందుకే జీవితంలో ఒక్కసారైనా అమ్మను విమానం ఎక్కించి పరాయి దేశం చూపించాలనుకుంది. ఏం చూస్తావని నెల రోజులుగా అడుగుతుంటే ఒకటే జవాబు: "నీ ఇష్టం బిడ్డా." కూర ఏం వండాలన్నా ఆమె మాట అదే. ఈ ఒక్కసారి తనకేం కావాలో అమ్మ నోటితోనే చెప్పించాలని మానస పంతం.

మూడు చోట్లు తానే ఎంచి, చెప్పుల దుకాణం మెట్ల మీద నిలబడి ఫోన్లో రాసింది: "బాలి ప్రయాణం. 1. సముద్రం ఒడ్డు గుడి. 2. కోతుల అడవి. 3. అగ్నిపర్వతం. 4." నాలుగు పక్కన ఖాళీ, అమ్మ కోసం. చిలుకమ్మ కూడబలుక్కుని చదవగలదు. తొందరలో ఆ మెసేజి అమ్మకు కాకుండా, పాలంపేటలో తమ వీధివాళ్ళంతా ఉండే 'మన వాడకట్టు' వాట్సాప్ గ్రూపుకు పోయింది. మానస ఫోను సంచిలో వేసి లోపలికి నడిచింది.

వాడకట్టులో ఖాళీ నంబరుకు ఒక అర్థముంది. అరుణాచలం బస్సయినా, మేడారం ట్రాక్టరయినా అలాగే మొదలవుతుంది. ఒకరు లిస్టు పెడతారు. మిగతావాళ్ళు దాన్ని కాపీ చేసి, కింద తమ పేరు చేర్చి, మళ్ళీ పెడతారు. ఎక్కడికని బస్సు నిండాక అడుగుతారు.

"4. వెంకటేశ్వర్లు, ఇద్దరం." "5. పూలమ్మ." "6. లక్ష్మీనర్సమ్మ, ముందు సీటు, మోకాళ్ళ నొప్పులు." మానస చెప్పులు కొని బయటికి వచ్చేసరికి లిస్టు ఇరవై ఆరుకు చేరింది. ఫోను మోగింది. వరసకు మేనమామ అయ్యే వెంకటేశ్వర్లు.

"మానసా, వంటమనిషిని మాట్లాడిన. తలా రెండు కిలోల బియ్యం తెచ్చుకొమ్మని చెప్పిన. బస్సు ఎన్ని గంటలకు?"

"బస్సు కాదు మామా."

"మినీ బస్సా? గంతమంది పట్టరు గదనే."

"విమానం మామా. సముద్రం దాటి పోవాలె."

"అయితే మరి గిన్నెలెట్ల?" అన్నాడు.

ఆయనకు సమాధానం చెప్పేలోపే గ్రూపులో అమ్మ గొంతు వచ్చింది. "బిడ్డా, సీట్లు సాలకుంటే నాకు పట్టకు. నర్సమ్మ మోకాళ్ళు ఇంకో ఏడాదికి నడుస్తయో లేదో, దాన్ని తోల్కపో. నేను మల్లెప్పుడన్న పోత."

అంతమందిలో తనంతట తాను తప్పుకున్నది ఒక్కరే. అసలు పోవాల్సింది ఆమే. మానస ఆ మాటలు రెండుసార్లు విని, దొరికిన బస్సెక్కి పాలంపేటకు బయలుదేరింది.

చిలుకమ్మ గద్దె మీద కూర్చుని ఉంది. పక్కన, ముప్పై ఏళ్ళుగా ఆమెతో ఒకే వరుసలో నాట్లేసిన కట్టమ్మ.

"ఇది ఊరి ప్రయాణం కాదమ్మా, నీది. నువ్వు రాకుంటే నేను గూడ పోను. ఐదు గాక ముందే చెప్పాలె. ఏం జూస్తవు?"

"నీ ఇష్ట..."

"నా ఇష్టం వద్దు." వంశీ ఇచ్చిన బొమ్మల కాగితం అమ్మ ఒళ్ళో పెట్టింది.

చిలుకమ్మ గుడి చూసింది, కోతులను చూసింది, కాగితం తిప్పింది. అక్కడ మెట్లుమెట్లుగా ఉన్న ఒక పచ్చటి గుట్ట బొమ్మ మీద ఆమె వేలు ఆగింది. "గుట్ట మీద వరా?"

కట్టమ్మ కూడా వంగింది. "నీళ్ళెట్ల నిలవడ్డయే?"

"గదే సమజైతలేదు. మీది మడోడు నీళ్ళు ఇడవకుంటే కిందోడు ఏం జేస్తడు?"

"అది సరే, నాటు ఎనకకు నడుసుకుంట ఏస్తం గదా. అంచు జారి కిందికి పడరా?"

ఇద్దరూ చాలాసేపు ఆ గుట్ట మీద తిరిగారు. చివరికి చిలుకమ్మ తలెత్తింది. "ఇది జూడాలె బిడ్డా. దీని మీద గీత గొట్టిందెవలు?"

కొట్టింది మానసే, పొద్దున, అన్నిటికంటే ముందు. పుట్టినప్పటి నుంచీ బురదలోనే ఉన్న అమ్మకు అక్కడా బురదెందుకని. "ట్రావెల్సోళ్ళు" అంది తల దించుకుని.

ఐదుకు పది నిమిషాలుందనగా వంశీకి ఫోన్ చేసింది. "వరిమళ్ళా మేడం? మనోళ్ళు ఎవ్వరడగరు."

"మా అమ్మ అడిగింది" అంది మానస.

రెండు టికెట్లేనని, తప్పు తనదని గ్రూపులో రాసింది. ఎవరూ కోపగించుకోలేదు. ఒక్కొక్కరే తమ పేరు తీసి లిస్టు మళ్ళీ పెట్టారు. కట్టమ్మ మాత్రం, "ఉండనియ్యి, నా పేరు ఎవలకు బరువు?" అంది.

ఆ పేరు ఇంకా అక్కడే ఉంది. ఇది చదివినవాళ్ళు ఎప్పుడైనా, ఎక్కడికైనా పోతూ ఒక సీటు మిగిలితే, కట్టమ్మను గుర్తుపెట్టుకోండి. ప్రయాణంలో ఆమెకు వాంతులు కావు.