తమలపాకు తీగకు డేరా

ఆ ఆదివారం పొద్దున రాజలింగం మేస్త్రి పెట్టుకున్న పని చాలా చిన్నది. చాయ్ తాగి, తన ఒంటిగది ఖోలీలో ఒక మూలనున్న తమలపాకు తీగకు ప్లాస్టిక్ కాగితంతో డేరా కట్టాలి. మధ్యాహ్నానికల్లా కాళ్ళు చాపుకుని పడుకోవాలి. ఆ డేరా పుణ్యమా అని బొంబాయి కామాటిపుర పన్నెండో గల్లీలోని తమ ఒంటిగదుల మేడ, ఆ చాళ్ మొత్తం మంచాలూ గిన్నెలూ మోసుకుని రోడ్డున పడుతుందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే, మేస్త్రి వాణ్ణి తాపీ పట్టుకుని తరిమేవాడు.

ఆ తీగ అతని భార్య గంగాబాయిది. పెళ్ళయిన కొత్తలో పాలమూరు పల్లె నుంచి తడిగుడ్డలో చుట్టి, దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన కొమ్మ. గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలు దిగేటప్పుడు మొగుడి చేతికి ట్రంకుపెట్టె ఇచ్చింది గాని ఆ మూట ఇవ్వలేదు. రోజూ అన్నం తిన్నాక ఒక ఆకు తెంపి, సున్నం రాసి, వక్క పెట్టి, సగం చింపి మొగుడికిచ్చేది. నిరుడు వానాకాలంలో ఆమె పోయింది. అప్పటినుంచి మేస్త్రి ఆకు నోట పెట్టలేదు. ఆమె సంవత్సరీకం నాడు మాత్రం ఆ తీగ ఆకే ఆమె ఫోటో ముందు పెట్టాలనుకున్నాడు. అదొక్కటే అతని కోరిక. కానీ పైఅంతస్తు, నెత్తిన రేకులు. మే నెల ఎండకు ఆ రేకుల కింద మనుషులే అప్పడాల్లా వేగేవారు. తీగ ఆకులు అంచులు ఎండి ముడుచుకుపోసాగాయి.

ఫోరస్ రోడ్ మలుపులో పాన్ డబ్బా నడిపే మొగులయ్యను అడిగాడు.

"దానికి చెమ్మ గావాలె మేస్త్రీ. సుట్టూ గాలి తడితడిగ ఉండాలె. గని జర ఇను..." అని మొగులయ్య ఇంకేదో చెప్పబోయాడు.

వినడానికి మేస్త్రి అక్కడుంటే కదా! "చెమ్మ సంగతి నాకు జెప్తవా? బొంబాయిల సగం స్లాబులు నా నీళ్ళతోనే గట్టివడ్డయ్!" అని నడుస్తూనే అన్నాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. కొత్తగా పోసిన స్లాబు మీద సిమెంటుతో చిన్న గట్టు కట్టి, నీళ్ళు నిలబెట్టి, గోనెసంచులు తడిపి కప్పుతారు. ఎంత తడిపితే అంత గట్టిపడుతుంది. తడి ఎక్కువై చెడిపోయిన స్లాబును మేస్త్రి తన జన్మలో చూడలేదు. తీగ సంగతీ అంతేననుకున్నాడు. నాలుగు వెదురుకర్రలు నిలబెట్టి, సైటులో సిమెంటు బస్తాల మీద కప్పే ప్లాస్టిక్ కాగితం చుట్టాడు. కుండీ చుట్టూ గట్టు కట్టి నీళ్ళు నింపాడు. తడి గోనెసంచులు పేర్చాడు. ఎక్కడా గాలి చొరకుండా సుతిలి తాడుతో బిగించి, గట్టును మరోసారి తాపీతో నున్నగా రుద్దాడు.

మొదట అది బాగానే పనిచేసింది. కొంప ముంచింది కూడా అదే. ముడుచుకున్న ఆకులు విప్పుకున్నాయి. కొసన లేత చిగురొకటి తొంగిచూసింది. మేస్త్రి డేరా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, "సూస్తున్నవా గంగా, నీ తీగ లేశింది" అని కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఇంకో రెండు బకెట్లు పోశాడు.

జూన్‌లో వానలు దిగాయి. బయటా తడే, లోపలా తడే. బుద్ధున్నవాడైతే డేరా విప్పేవాడు. మేస్త్రి మాత్రం వానగాలికి చిగురు తట్టుకోలేదని ఇంకో కాగితం కప్పాడు. ప్లాస్టిక్ లోపలంతా నీటిబొట్లు పట్టి, తీగ కనబడడమే మానేసింది. విప్పి చూస్తే చెమ్మ పోతుందని అతను చూడనూ లేదు.

సరిగ్గా కింది ఖోలీలో రత్నాబాయి ఉండేది. నల్లా దగ్గర బిందెల గొడవతో మొదలైన పగ, ఆమెకూ గంగాబాయికీ చివరిదాకా సాగింది. పై కిటికీలోంచి వేలాడే తీగ తన కిటికీకి అడ్డమొస్తోందని ఒకసారి రత్నాబాయి చాళ్ అదిరేలా అరిచింది. గంగాబాయి ఆ వేలాడే కొమ్మను కోసి, "తీస్కో, నీ కడుపు సల్లవడని!" అని ఆమె మీదికే విసిరింది. ఆ రత్నాబాయి ఒకరోజు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మేస్త్రన్నా, నా గోడకు తడి దిగుతున్నది. జర వచ్చి సూడు."

గోడల విషయంలో ఆ చాళ్‌కు రాజలింగమే డాక్టరు. వెళ్ళి తాపీ పిడితో గోడ మీద కొట్టాడు, చెవి ఆనించి విన్నాడు, పెచ్చు గీకి వాసన చూశాడు.

"మీ ఖోలీల నీళ్ళు గాదు గద?" అంది రత్నాబాయి.

"నేను గట్టిన గట్టు కారుతదా?" అని మేస్త్రి భగ్గుమన్నాడు. అయినా పైకెళ్ళి, ప్లాస్టిక్ అంచు కొద్దిగా ఎత్తి గట్టు చూసి వచ్చాడు. "సుక్క గూడ పోలే. ఇది వాననీళ్ళే. రేకులకెల్లి దిగి దూలంల జొచ్చినయ్. దూలం పొయ్యింది."

రత్నాబాయి గదిలో 'దూలం పోయింది' అన్న మాట, మెట్లు దిగేసరికి 'గోడ పోయింది' అయింది. గల్లీలోకి చేరేసరికి 'చాళ్ పోతోంది' అయింది. సమ్మె తర్వాత తన బట్టల మిల్లు మూతపడ్డప్పటినుంచి చాళ్ కమిటీ తప్ప వేరే పనిలేని పెద్దయ్య, అందరినీ కిందికి పిలిచి, అందరి ముందూ అడిగాడు.

"మేస్త్రీ, ఖరారుగ జెప్పు. పడ్తదా?"

ఇంతమంది నోరు తెరుచుకుని చూస్తుంటే ఏ మేస్త్రి తెలియదంటాడు? "పడొచ్చు" అన్నాడు.

ఇంకేముంది, వానలోనే కాపురాలన్నీ కిందికి దిగాయి. ఒకాయన టీవీని దుప్పట్లో చుట్టి చంటిబిడ్డలా ఎత్తుకున్నాడు. అసలు బిడ్డ వెనకాల ఏడుస్తూ నడిచి వచ్చింది. పెద్దయ్య కబురంపితే పాత ఇళ్ళ మరమ్మతుల ఆఫీసు ఆసరా కొయ్యలు పంపింది; వాటిని మేస్త్రి చెప్పిన చోటల్లా దూలాల కింద నిలబెట్టారు. రత్నాబాయి కిటికీ ముందున్న వరండాలో ఒకటి, అన్నిటికంటే లావుది, బిగించారు. అంతా దిగాక చూస్తే మేస్త్రి ఒక్కడే పైన ఉండిపోయాడు.

"నేను రాను. కదిలిస్తే తీగ సస్తది!" అని పైనుంచి అరిచాడు.

"చాళ్ పడితే నువ్వు సస్తవ్!" అన్నాడు పెద్దయ్య.

"పడితే పడనీ!"

కింద నిలబడ్డ ఆడవాళ్ళు కొంగుతో ముక్కు చీదుకున్నారు.

మర్నాడు మరమ్మతుల ఆఫీసు నుంచి గొడుగేసుకుని ఒక ఇంజనీరు వచ్చాడు. రత్నాబాయి గోడను చూశాడు, కప్పును చూశాడు. "ఊపర్ కౌన్ రహతా హై?" అని, పైన ఎవరుంటారో అడుగుతూ మెట్లెక్కాడు. వెనకాలే చాళ్ అంతా ఎక్కింది. ఇంజనీరు సుతిలి విప్పగానే లోపలినుంచి ఆవిరి వచ్చి అతని కళ్ళద్దాలు మసకేశాయి. అవి తుడిచి పెట్టుకున్నాక విషయం తేలిపోయింది. గట్టు నిజంగానే చుక్క కారలేదు. కానీ ఆవిరంతా ప్లాస్టిక్‌కు పట్టి, ధారలై, గట్టుకు అవతలగా దిగి, గోడ మూల నుంచి నేరుగా రత్నాబాయి ఇంట్లోకి పోతోంది. చాళ్‌కు ఏ రోగమూ లేదు. ఇంజనీరు మరాఠీలో ఏదో గొణిగి గొడుగు తీసుకున్నాడు.

రాత్రంతా వానలో తడిసినవాళ్ళ నోళ్ళు ఒక్కసారి తెరుచుకోబోయాయి. మేస్త్రి ఎవరినీ చూడడం లేదు. డేరాలోకి చూస్తున్నాడు. ఆకులు నల్లబడి జిగటగా కిందికి జారిపోయాయి. చిగురున్న చోట తెల్లని బూజు పట్టింది. ముట్టుకుంటే కాడ మెత్తగా ఊడి చేతిలోకొచ్చింది. అతను అలాగే తడినేల మీద కూలబడ్డాడు.

నిరుడు ఇదే మూలలో గంగాబాయి మంచం ఉండేది. "జర కిటికీ తెరువయ్యా, ఊపిరాడుతలేదు" అని అడిగేది. వానగాలి తగిలితే దగ్గు పెరుగుతుందని అతను కిటికీ తెరవలేదు. ఇంకో దుప్పటి కప్పాడు.

"దాన్ని గూడ గిట్లనే కప్పిన" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

పెద్దయ్య నోటిదాకా వచ్చిన తిట్టును మింగేశాడు. మిగతావాళ్ళూ తలలు దించుకున్నారు. రత్నాబాయి మాత్రం విసవిసా మెట్లు దిగిపోయింది. కోపమొచ్చి పోయిందనుకున్నారు. ఆమె ఒక పాత డాల్డా డబ్బా ఎత్తుకుని తిరిగొచ్చింది. అందులో ఒక తమలపాకు తీగ, అరచేతులంత ఆకులతో నిగనిగలాడుతోంది.

"గిదేంది?" అన్నాడు మేస్త్రి.

"గంగ నా మీదికి ఇసిరిందే. పారెయ్యబుద్ధిగాక నాటిన. ఆమె జూస్తె నవ్వుతదని పక్కకు దాచిన." రత్నాబాయి డబ్బాను అతని ముందు పెట్టింది. "దాన్ని తిట్టుకుంటనే దాని ఆకు తిన్న."

"దీనికేం జేస్తవ్?"

"ఏం జేస్త? జరన్ని నీళ్ళు వోస్త. కిటికీ తెరిచి పెడ్త. చెమ్మ ఉండాలె, గాలీ ఆడాలె. మొగులయ్య జెప్పలేదా?"

 మొగులయ్య చెప్పబోయాడని మేస్త్రికి ఇప్పుడు గుర్తొచ్చింది.

సంవత్సరీకం నాడు రత్నాబాయి తన చేత్తో ఒక ఆకు తెంపి ఇచ్చింది. మేస్త్రి సున్నం రాసి, వక్క పెట్టి, సగం చింపి ఫోటో ముందు పెట్టాడు. మిగతా సగం నోట్లో వేసుకుని, నమలలేక, అందరి ముందూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత రోజూ పొద్దున కిందికి దిగి డాల్డా డబ్బాలో నీళ్ళు పోసేవాడు. ఎక్కువ పోయకుండా రత్నాబాయి పక్కనే నిలబడి కాపలా కాసేది.

వానలు వెలిశాక ఆఫీసు మనుషులు ఆసరా కొయ్యలు తీసుకుపోవడానికి వచ్చారు. అన్నీ తీశారు. రత్నాబాయి కిటికీ ముందున్న లావు కొయ్య దగ్గరికొచ్చి ఆగిపోయారు. తమలపాకు తీగ దాన్ని చుట్టుకుని, సగం దాకా పాకి, పైఅంతస్తు వైపు చూస్తోంది. పెద్దయ్య మేస్త్రికి కబురుపెట్టాడు. మేస్త్రి వచ్చి తాపీ పిడితో కొయ్య మీద కొట్టాడు, చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"గిది తీస్తే చాళ్ పడ్తది" అని తేల్చి చెప్పాడు.

గోడల విషయంలో ఆ చాళ్‌లో మేస్త్రి మాటకు ఎదురు లేదు.