గసగసాల కాయల కేసులో రాడోయ్కాకు వకీలు దొరికిన విధం

విమోచన దినోత్సవం నాడు మా పట్టణ పోలీసు కుక్క తన కర్తవ్యాన్ని నెరవేర్చిందని సంబంధిత వర్గాలు సగర్వంగా ప్రకటించాయి. డాన్యూబ్ ఒడ్డున అమరవీరుల స్తూపం ముందు మేయరు గారు పూలచక్రం పట్టుకుని దేశభక్తి గురించి చదువుతున్నారు. కొత్తగా శిక్షణ ముగించుకొచ్చిన కుక్క వెళ్ళి ఆయన బూట్ల ముందు బుద్ధిగా కూర్చుంది. అది కూర్చుందంటే మత్తుపదార్థం దొరికిందని అర్థం. శిక్షణలో అంతే నేర్పారు. ఎవరి ముందు కూర్చోకూడదో నేర్పలేదు. ఆ పాఠం రెండో విడతలో ఉందట.

పూలచక్రంలో ఎండిన గసగసాల కాయలున్నాయి, నల్లమందు తీసేది ఈ కాయల్లోంచే. సెర్బియాలో మావైపు చావుకైనా, జాతీయ దినానికైనా ఆ కాయలు గుచ్చని చక్రం ఉండదు. చూడ్డానికి బాగుంటాయి, వాడిపోవు, అంతే. అవి దొరికింది మేయరు చేతిలో. కాబట్టి శ్మశానం గేటు పక్కన తన కొట్లో కాఫీ తాగుతున్న రాడోయ్కాను అరెస్టు చేశారు. ఆ చక్రం కట్టింది ఆవిడే.

ఇందులో అర్థం కానిదేమీ లేదు. ప్రాసిక్యూటరు గారు విలేకరులకు విడమరిచి చెప్పారు. "చేతిలో ఉన్నంత మాత్రాన కలిగి ఉన్నట్టు కాదు. మేయరు గారు ఆ చక్రాన్ని ప్రజల తరఫున పట్టుకున్నారు. అంటే అది ప్రజలందరి చేతిలో ఉంది. అందర్నీ లోపల వెయ్యడానికి మనకు గదులు చాలవు. కనక ప్రజల్లో ఒకరిని తీసుకున్నాం." విలేకరులు తలలూపి రాసుకున్నారు. మేయరు గారు సాక్షుల జాబితాలో చేరారు. కుక్కకు పతకం ఇచ్చారు.

నిందితురాలికి వకీలు ఉండాలని చట్టం చెబుతోంది. చట్టమంటే మా ఇన్‌స్పెక్టరుకు ప్రాణం. వెంటనే తనతో ఆదివారాలు చేపలు పట్టే వకీలుకు ఫోను చేశాడు. ఆయన వచ్చి, కోటు విప్పకుండానే, "ఏమమ్మా, ఒప్పేసుకో. ఒప్పుకుంటే ఇంటికెళ్ళి భోంచెయ్యొచ్చు," అన్నాడు.

"ఎవరింటికి, మీ ఇంటికా?" అంది రాడోయ్కా.

"నాకూ ఆకలేస్తోంది, అబద్ధమెందుకు."

ఆవిడ సంతకం పెట్టలేదు. విచారణ దాకా ఇంటికి పంపారు, కొట్టుకు సీలు వేశారు. నేరం రుజువైతే ఆ సీలు ఇక విప్పరు, ఆవిడ జైలుకు పోతుంది. సంగతి అంత తేలిక.

ఇక మంచి వకీలును వెతుక్కోవాలి. ఈ విషయంలో మా పట్టణానికి ఉన్న పరిజ్ఞానం ఏ విశ్వవిద్యాలయానికీ లేదు. పక్క కొట్లో కొవ్వొత్తులమ్మే బొసిల్కా మొదటి మాటే అసలు మాట చెప్పింది.

"వకీలు ఏం చదివాడన్నది తర్వాత చూద్దువుగానిలే. ఎవరికి కూమో అది కనుక్కో ముందు."

పెళ్ళికి సాక్షిగా నిలబడి, పుట్టిన బిడ్డను జ్ఞానస్నానం నాడు చేతుల్లోకి తీసుకున్నవాడు కూమ్. అన్నదమ్ములు గట్టు తగాదాలో తలలు పగలగొట్టుకుంటారు గానీ కూమ్ మాటను కూమ్ కాదనడు. మావాళ్ళు వకీళ్ళను ఈ లెక్కన చక్కగా వర్గీకరించి పెట్టుకున్నారు. రికార్డు గది గుమస్తాకు కూమ్ అయినవాడు ఫైలు పోగొట్టడానికి మంచివాడు. డాక్టరుకు కూమ్ అయినవాడు వాయిదాలకు మంచివాడు. జైలు అధికారికి కూమ్ అయినవాడు ఓడిపోయే కేసులకు మంచివాడు, కిటికీ ఉన్న గది ఇప్పిస్తాడు. ఎవరు చట్టానికి మంచివాడో ఎవరూ రాసిపెట్టలేదు. అవసరం పడలేదు.

అయినా దారిలో ఉంది గదా అని రాడోయ్కా మాంసం కొట్టు మీది గదిలో ఉండే సెంకా అనే పడుచు వకీలు దగ్గరికీ వెళ్ళింది. కేసు కాగితాలు చూపించమని అడిగింది ఊరు మొత్తంలో ఆ పిల్లొక్కతే. చివరిదాకా చదివింది కూడా.

"ఇందులో ఏమీ లేదక్కా. కాయల్ని ల్యాబుకే పంపలేదు. కుక్క కూర్చుందని రాశారు, అంతే. పైగా చక్రం నీ దగ్గర దొరకలేదు. ఇది నిలబడదు."

"నువ్వు ఎవరికి కూమ్ తల్లీ?"

"ఎవరికీ కాను."

"మరి జడ్జి నీ మాట ఎందుకు వింటాడే?"

"చట్టంలో ఉంది గనక."

రాడోయ్కా ఆ పిల్ల వంక జాలిగా చూసింది. ఇంత చదివి ఇలా మాట్లాడుతోందంటే ఇంట్లో చెప్పే పెద్దలు లేరు కాబోలు అనుకుంది. చల్లగా ఉండమని దీవించి మెట్లు దిగింది.

తిన్నగా వెలిజార్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన సాక్షాత్తూ జడ్జి గారికే కూమ్. జడ్జి పిల్లలిద్దర్నీ జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న ఫొటోలు గోడకున్నాయి, పట్టా ఎక్కడుందో కనబడలేదు. కాగితాలు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "చదవడం రానివాళ్ళు చదవరు, చదవక్కర్లేనివాళ్ళూ చదవరు. నేను రెండో రకం," అన్నాడు. ఆ మాటకు రాడోయ్కా గుండె నిండిపోయింది. కొండ పక్కనున్న ద్రాక్షతోటను ఫీజు కింద రాసిచ్చింది.

విచారణ నాడు హాలంతా విలేకరులే, మేయరు గారి పూలచక్రం గదా మరి. వెలిజార్ లేచి, "గౌరవనీయ న్యాయమూర్తికి అన్నీ తెలుసు," అని కూర్చున్నాడు. వాదన అయిపోయింది. ల్యాబు ఊసు ఎవరూ ఎత్తలేదు.

జడ్జి గారికి నిజంగానే అన్నీ తెలుసు. వకీలు తనకు కూమ్ అని విలేకరులందరికీ తెలుసన్న సంగతి కూడా తెలుసు. ఆయన గొంతు సవరించుకున్నారు. "ఈ న్యాయస్థానానికి బంధువులు లేరు. స్నేహితులు లేరు. ఉన్నది మనస్సాక్షి ఒక్కటే." అని, చట్టం ఎంతవరకు అనుమతిస్తుందో అంత శిక్షా వేశారు. పత్రికలు ఆయన్ను ఆకాశానికెత్తాయి. ఆ సాయంత్రం కూములిద్దరూ కూర్చుని చేపల పులుసు తిన్నారు. తన నిజాయితీ నిరూపించుకునే అవకాశం తెచ్చినందుకు జడ్జి గారు వెలిజార్‌కు మరో గరిటె ఎక్కువ వడ్డించారు.

రాడోయ్కా తప్పు చెయ్యలేదని సంతలో ఎవరూ అనలేదు. "ప్రాసిక్యూటరు కూమ్‌ను పట్టుకోవాల్సింది, పిచ్చిది," అనుకున్నారు.

అప్పీలు గడువు దాటిపోకముందే సెంకా జైలుకొచ్చింది. ఎవరూ పిలవలేదు, డబ్బులడగలేదు. కటకటాల సందులోంచి కాగితం లోపలికి తోసింది.

"సంతకం పెట్టక్కా. ల్యాబు సంగతొక్కటే చాలు, పైకోర్టు కొట్టేస్తుంది."

రాడోయ్కా కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "పైకోర్టులో నీకెవరైనా తెలుసా?"

"తెలీదు."

"అయితే ఆగు తల్లీ, తొందరపడకు. బొసిల్కా ఒకణ్ణి వాకబు చేస్తోంది."

వాకబు ఇంకా జరుగుతోంది. గడువు దాటిపోయింది.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. మీ తమ్ముడి కొడుకును స్టేషన్లో కూర్చోబెట్టారని ఫోనొచ్చిన రోజున, వాడు ఏం చేశాడని గానీ, ఏ సెక్షను పెట్టారని గానీ మీరు అడిగారా? "అక్కడ మనవాళ్ళెవరున్నారు?" అనేగా అడిగింది.